ఓ పూటలో అయిపోయే ఆటలు

వారపత్రికలకు సీరియల్ రాసేవాళ్లకు ముగింపు అనే మాటంటే ఒకలాంటి జంకు. కథ నడుస్తున్నన్నాళ్లూ పాఠకులు పలకరిస్తారు, హీరోయిన్‌ని ఇంక ఏడిపించవద్దని బతిమాలతారు, పెళ్లిళ్లలో కనిపిస్తే పక్కకి పిలిచి చివరికి ఏమవుతుందో చెప్పమంటారు. "వచ్చేవారం ముగింపు" అని అచ్చయిన మర్నాటినుంచి మనమెవరో, వాళ్లెవరో. అందుకే ముప్ఫై వారాల్లో చెప్పదగిన కథ నలభై వారాలు నడుస్తుంది. మధ్యలో ఓ పెళ్లిచూపులు, ఓ కారు ప్రమాదం, ఎప్పుడో తప్పిపోయిన ఓ పెదనాన్నా వచ్చి చేరతారు. టీవీ సీరియళ్ల సంగతి సరేసరి. వాటిలో పెళ్లికూతురు అత్తారింటి గడప దాటడానికే ఓ వారం పడుతుంది.

ఫోనులో ఆడే ఆటలదీ ఇదే వరస. మా ఎదురింటి పిన్నిగారు రంగురంగుల మిఠాయిలను మూడేసి చొప్పున కలిపే ఆట ఆడుతుంటారు. క్యాండీ క్రష్ అంటారు దాన్ని. 2012లో పుట్టింది. అందులో వేల మెట్లున్నాయి. ఎక్కేవాళ్లకి ఓపిక వున్నకొద్దీ కట్టేవాళ్లు పైన కొత్త మెట్లు కడుతూనే వున్నారు.

"ఇంతకీ ఎక్కడికి చేరతారు పిన్నిగారూ?" అని అడిగాను ఓసారి.

"చేరడమేమిటమ్మాయ్, పప్పు ఉడికేదాకా కాలక్షేపం" అన్నారావిడ.

అప్పటినుంచి ఎన్నిసార్లో పప్పు ఉడికింది, దించారు, తిన్నారు. ఆట మాత్రం ఇంకా పొయ్యిమీదే వుంది.

ఆమాటకొస్తే మన వైకుంఠపాళి నయం. ఎన్ని పాములు మింగినా, గుమ్మందాకా వెళ్లినవాణ్ణి పెద్దపాము మళ్లీ కిందికి తెచ్చి పడేసినా, పైన వైకుంఠమనేది ఒకటుంది. అక్కడికి చేరినవాడు గవ్వలు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని అన్నానికి లేస్తాడు. నేనిప్పుడు చెప్పబోయేవి అలా అన్నానికి లేవనిచ్చే ఆటలు. ఈ వానాకాలంలో వరసగా నాలుగు పూర్తిచేశాను. "పూర్తిచేశాను" అనగలగడంలో ఎంత సుఖముందో ఇల్లాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇంటిపనిలో ఆ మాట అనగలిగే పని ఒక్కటి చూపించండి!

ఏమిటీ, నలభై దాటిన ఆడమనిషి, నవలలు రాసుకునేది, వీడియో గేములాడడమేమిటీ అని ముక్కున వేలేసుకోకండి. వేసుకున్నా ఫరవాలేదు, ఆ వేలు దించకుండానే వినండి. ఈ ఆటల్లో తుపాకులు లేవు, తలలు తెగిపడవు. వీటిని "ఇండీ" ఆటలంటారు. ఇండిపెండెంట్ అనే మాటను సగానికి కోసి పెట్టుకున్న పేరు. పెద్ద కంపెనీల ఆటలకు వందలమంది ఏళ్ల తరబడి పనిచేస్తారు. ఇవి అలా కాదు. ఇద్దరో ముగ్గురో, మహా అయితే ఓ పదిమందో కలిసి చేసుకుంటారు. ఒక్కరే చేసినవీ వున్నాయి. అమెరికాలో ఎరిక్ బారోన్ అనే అబ్బాయి నాలుగున్నరేళ్లు ఒక్కడే కూర్చుని, బొమ్మలూ తనే, సంగీతమూ తనే, మాటలూ తనే అయి చేసిన "స్టార్‌డ్యూ వ్యాలీ" 2016లో బయటికొచ్చింది. వంటింటి బల్ల మీద నవలలు రాసుకునే నాలాంటిదానికి ఈ సంగతి వినగానే ఆ అబ్బాయి మీద ఏదో చుట్టరికం పుట్టుకొచ్చింది. ఆట మాత్రం ముట్టుకోలేదు. అది పొలం చేసుకునే ఆట. తిరువూరు చుట్టుపక్కల మామిడితోటల వాళ్లు పూత నిలుస్తుందో లేదోనని ఆకాశంవైపు చూసే చూపు ఏటా చూస్తున్నదాన్ని. సేద్యాన్ని ఆటగా ఆడడానికి మనసింకా ఒప్పలేదు.

నాకు వీటిని తెచ్చిపెట్టేది మా మేనల్లుడు. విజయవాడలో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వస్తాడు. మాసిన బట్టల సంచి ఒకచేత, ల్యాప్‌టాప్ ఒకచేత. "అత్తా, ఇది రెండు గంటల్లో అయిపోద్ది. నువ్వాడి ఎలావుందో చెప్పు" అని నా ముందు పెట్టి, వాడు నిద్రపోతాడు. మావారు పేపర్లోంచి తలెత్తి, "పరీక్షలు మేనల్లుడికా, మేనత్తకా?" అంటారు. వాడు నన్నెందుకు ఆడమంటున్నాడో నాకూ చాలా వారాలదాకా తెలియలేదు. ఆ సంగతి చివర చెబుతాను. చెప్పానుగా, సీరియల్ రాసే చెయ్యి!

మొదటిది "ఎ షార్ట్ హైక్". చిన్న కొండ ఎక్కడమన్నమాట. కెనడాలో ఆడమ్ రాబిన్సన్-యూ అనే ఆయన చేశాడు, 2019లో వచ్చింది. క్లెయిర్ అని ఓ పక్షిపిల్ల. సెలవులకు పిన్నిగారుండే దీవికి వస్తుంది. ముఖ్యమైన ఫోను రావలసివుంది. అక్కడ సిగ్నల్ లేదు. కొండ శిఖరం మీద అయితే దొరుకుతుందని పిన్ని చెబుతుంది. అంతే కథ. దారిలో బంగారు ఈకలు దొరుకుతాయి. అవి ఎన్ని వుంటే అంతసేపు ఎగరగలదు, బండలు పాకగలదు. దారిపొడుగునా ఎవరెవరో కనిపిస్తారు. ఒకరు పరుగుపందెం పెట్టుకుందామంటారు, ఒకరు ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటుంటారు. ఆగి మాట్లాడితే మాట్లాడొచ్చు, లేకపోతే లేదు. తొందరేమీ లేదు.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఆ తొందర లేకపోవడమే. ముఖ్యమైన ఫోనుకోసం వెళుతున్న పిల్ల ఇలా చేపలు పడుతూ, పెంకులేరుకుంటూ కూర్చుంటుందా? కూర్చుంటుంది. నేనే కూర్చోబెట్టాను కదా! భయమేసే కబురు రావలసి వున్నప్పుడు మనం చేసేది అదే. బియ్యంలో రాళ్లేరతాం. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడతపెడతాం. శిఖరం ఎక్కాక క్లెయిర్‌కు ఫోను వస్తుంది. అమ్మ. ఆవిడకి ఆపరేషన్ అయింది, బాగానే వుంది, ఆ కబురే.

మా ఇంట్లో కూడా సిగ్నల్ కావాలంటే డాబా ఎక్కాలి. రెండేళ్ల కిందట విజయవాడ ఆసుపత్రినుంచి మా తమ్ముడి ఫోనుకోసం నేనొక సాయంత్రమంతా డాబామీద వున్నాను. ఆరేసిన ఒడియాలన్నీ ఒక్కొక్కటిగా తిరగేశాను. "అక్కా, అమ్మకి ఆపరేషన్ బాగానే జరిగింది" అన్నాడు వాడు. ఆటలో క్లెయిర్ ఆ మాట విన్నాక కొండమీదనుంచి రెక్కలు చాచి దిగుతుంది. నేను మెట్లమీదుగానే దిగాను. కానీ ఆ దిగడం ఎలావుంటుందో ఆ చేసినాయనకి బాగా తెలుసు. ఒక్క మాట రాయకుండా తెలియజేశాడు.

రెండోది "ఫ్లోరెన్స్". ఇది ఫోనులోనే ఆడుకోవచ్చు. అరగంటకు మించదు. 2018లో ఫిబ్రవరి 14న విడుదల చేశారు. ప్రేమికుల రోజట, అందుకని. కెన్ వాంగ్ అనే ఆయనా, మెల్‌బోర్న్‌లో ఆయన కూడగట్టిన చిన్న బృందమూ చేశారు. అంతకుముందు 2014లో వచ్చిన "మాన్యుమెంట్ వ్యాలీ" అనే అందమైన ఆటకు కూడా ముఖ్యంగా పనిచేసిన మనిషి ఆయన. ఫ్లోరెన్స్‌కు పాతికేళ్లు. పొద్దున లేవడం, పళ్లు తోముకోవడం, ఆఫీసులో అంకెలు జతచేయడం, అమ్మ ఫోనుకి ఊఁ కొట్టడం. ఆ పళ్లు తోమడం కూడా మనమే మన వేలితో అటూ ఇటూ తోమాలి. ఒకరోజు ఆమెకు వీధిలో చెల్లో వాయించే కుర్రాడు కనిపిస్తాడు. చెల్లో అంటే మన ఫిడేలుకి పెదనాన్నలాంటి వాద్యం. కుర్రాడి పేరు క్రిష్. మనవైపు వాడే, భారతీయుల పిల్లాడు.

ఇందులో సంభాషణలు చదవడానికి వుండవు. ఇద్దరూ మాట్లాడుకునే బుడగలో బొమ్మముక్కలు పడివుంటాయి. వాటిని మనం అతికితే మాట పూర్తవుతుంది. మొదటిసారి కలిసినప్పుడు చాలా ముక్కలు. ఏది ఎక్కడ పట్టాలో తడుముకోవాలి. పరిచయం పెరిగేకొద్దీ ముక్కలు తగ్గుతాయి. చివరికి ఒక్కటే ముక్క, ఇలా పెడితే అలా అతుక్కుంటుంది. చనువంటే ఇదే కదా! ఆ తర్వాత పోట్లాట వచ్చినప్పుడు ముక్కలు ఎర్రబడి, అంచులు కోసుగా తేలతాయి. ఎదుటివాళ్ల బుడగకంటే ముందు మన బుడగ నిండాలని చెయ్యి తొందరపడుతుంది. నేనైతే గబగబా అతికేశాను. గెలిచాను కూడా. గెలిచాక చూస్తే ఫ్లోరెన్స్ ముఖంలో ఆ గెలుపు లేదు. మొగుడూపెళ్లాల తగవుల మీద నేను ఇప్పటికి ఎన్ని పేజీలు రాశానో లెక్కలేదు. ఆ ఎర్రముక్కలు చెప్పినంత సూటిగా చెప్పానా అంటే ఏమో!

మావారికి ఇది చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, అన్నీ చక్కగా అతికి, "మన ఇంట్లో ముక్కలెన్ని?" అని అడిగారు.

"మీరు పేపరు చదువుతున్నప్పుడా, మామూలప్పుడా?" అన్నాను. ఒక్క ముక్కతో అతికిపోయింది.

ఒక్క లోటు మాత్రం చెప్పాలి. క్రిష్ పక్షం కథ మనకు అందదు. వాడెందుకు దిగాలుపడ్డాడు, వాళ్లమ్మ ఏమనుకుంది, చెల్లో పాఠాలు ఎంతవరకు వచ్చాయి, ఏమీ తెలీదు. నవలైతే ఓ ఆరు వారాలు వాడికి కేటాయించి వుండేదాన్ని. అయితే అరగంటలో అయ్యే కథలో ఆరు వారాలు ఎక్కడినుంచి తెస్తారు?

మూడోదాని పేరు "అన్‌ప్యాకింగ్". అట్టపెట్టెలు విప్పి సామాను సర్దడం. నవ్వకండి, ఆటంతా అదే. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో విచ్ బీమ్ అనే చిన్న సంస్థ చేసింది, 2021లో వచ్చింది. రెన్ బ్రయర్, టిమ్ డాసన్ అనే జంట ఒకే ఇంట్లోకి మారి సామాను విప్పుకుంటున్నప్పుడు ఈ ఆలోచన పుట్టిందట. మరుసటేడు బ్రిటిష్ వాళ్ల బాఫ్టా బహుమతుల్లో కథనానికి ఒకటి కొట్టేసింది.

ఇందులో ఒకే అమ్మాయి ఎనిమిదిసార్లు ఇల్లు మారుతుంది. మొదలు 1997లో ఓ చిన్నపిల్ల గది. చివర 2018లో ఒక ఇల్లు. ఆ అమ్మాయి ముఖం మనకి ఒక్కసారీ కనిపించదు. గొంతు వినపడదు. పెట్టెలోంచి ఒక్కో వస్తువు తీసి ఎక్కడుండాలో అక్కడ పెట్టడమే మన పని. వంటింటి గిన్నె పడగ్గదిలో పెడితే దానిచుట్టూ ఎర్రగీత వస్తుంది. అన్నట్టు, చెంచా చెక్కమీద పెడితే ఒక చప్పుడు, రాతిమీద పెడితే మరో చప్పుడు. ఇలాంటి చప్పుళ్లు 14,000కు పైగా పట్టి పెట్టారట. మా అత్తగారు వుంటే ఆ చప్పుడునిబట్టి కోడలి కోపం ఎంతో చెప్పేవారు.

2010లో ఆ అమ్మాయి ఒక మగవాడి ఇంటికి మారుతుంది. ఇల్లు నిండా అతని సామానే. అతని వస్తువులు కాస్త జరిపి, ఒత్తి, సందు చేసుకుని ఈమె వస్తువులు పెట్టాలి. అంతా అయ్యాక ఒకటి మిగిలిపోయింది. ఆమె చదువు పట్టా, ఫ్రేము కట్టింది. ఈ గోడకి పెట్టాను, ఎర్రగీత. ఆ గోడకి పెట్టాను, పట్టదు. అలమరలో, బల్లమీద, తలుపు వెనక, ఎక్కడా ఒప్పుకోదు. చివరికి ఒక్కచోటే ఒప్పుకుంది. మంచం కింద.

ఎవరూ ఒక్క మాట అనలేదు. అతను చెడ్డవాడని ఆట ఎక్కడా చెప్పలేదు. మంచం కిందికి ఆ పట్టాను నెట్టింది నా చెయ్యి. రెండేళ్ల తర్వాతి పెట్టెలు విప్పితే ఆమె తిరిగి పుట్టింట్లో, చిన్ననాటి గదిలో వుంది. అతనితో దిగిన ఫొటో వుంది, దానికి అతని ముఖం మీదుగా పిన్ను గుచ్చివుంది. ఇప్పుడు ఆ ఫొటోకి చోటు చూడాలి. చూశారా, ఒక జంట విడిపోయిన కథ! నా లెక్కన అది పద్దెనిమిది వారాలు.

నా బి.ఏ. పట్టా ఎక్కడుందని అడుగుతారేమో. బీరువాలో, పట్టుచీరల కింద, ఇంటిపన్ను రసీదులతోపాటు వుంది. పెట్టింది నేనే. గోడమీద పెట్టాలని ఎవరూ అనలేదు, వద్దనీ ఎవరూ అనలేదు. మనిళ్లలో చాలా పట్టాలు అలాగే చీరలకింద నలగకుండా భద్రంగా వుంటాయి.

ఈ ఆట ఆడుతుంటే నాకు వేరే ఇల్లు గుర్తొచ్చింది. గంపలగూడెం వైపు పల్లెలో మా పుట్టిల్లు. అమ్మ పోయిన ఏడు మాఘమాసంలో పోయింది. ఈ వేసవిలో తమ్ముడూ నేనూ కలిసి ఇల్లు ఖాళీచేశాం. నాన్న కుర్చీ, నాన్న పెట్టె, నాన్న పుస్తకాల అలమర, తమ్ముడి పాత సైకిలు, నా పరీక్ష అట్టలు, అన్నిటికీ ఆ ఇంట్లో ఒక చోటంటూ వుంది. అమ్మవేవీ అని చూస్తే వంటింటి గోడలో ఒక గూడు. అందులో ఓ రేకుడబ్బా, పాత కళ్లజోడు, కాస్త వక్కపలుకు, దారపుండ, రెండు సూదులు, ఓ పెన్సిలు ముక్క. యాభయ్యేళ్లు ఆ ఇల్లంతా సర్దిన మనిషి సామాను ఒక్క గూట్లో సరిపోయింది. ఆ పూట తమ్ముడు పెట్టెలు మోస్తున్నాడు కాబట్టి దాని గురించి మేమేమీ మాట్లాడుకోలేదు. ఆటలో ఆ పట్టాను మంచం కిందికి తోస్తున్నప్పుడు మాత్రం ఆ గూడు కళ్లముందుకొచ్చి కూర్చుంది. నిజం ఇంట్లో పని తొందరలో చెయ్యి చేసుకుపోతుంది. ఆటలో అదే పని నిదానంగా చేయిస్తారు. అప్పుడు చెయ్యి ఏం చేస్తోందో మనసుకు కనిపిస్తుంది.

నాలుగోది "వెన్బా". దీన్ని తెచ్చిన ఆదివారం మా మేనల్లుడు నిద్రపోలేదు. నా పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు.

ఇది మన పొరుగువాళ్ల కథ. కెనడాలోని టొరంటోలో విసై గేమ్స్ అనే చిన్న బృందం చేసింది, 2023లో విడుదలైంది. మరుసటేడు దీనికీ బాఫ్టా వచ్చింది, తొలి ఆటలకిచ్చే బహుమతి. వెన్బా, పావలన్ అనే తమిళ దంపతులు 1980లలో కెనడా వెళతారు. కవిన్ అని కొడుకు పుడతాడు. వెన్బా దగ్గర వాళ్లమ్మ ఇచ్చిన వంటల పుస్తకముంది. ప్రయాణంలో నలిగి, చిరిగి, కొన్నిచోట్ల అక్షరాలు చెరిగిపోయాయి. చెరిగినచోట ఏముండేదో మనం ఊహించి వండాలి. అదీ ఆట. మొదటి వంట ఇడ్లీ. రేకులు ఒకదానిమీద ఒకటి ఎలా పేర్చాలన్నదే చిక్కు.

"అత్తా, అలా కాదేమో" అన్నాడు వీడు.

"ఇరవయ్యేళ్లనుంచి ఇడ్లీలు పెడుతున్నాను. గుంటమీద గుంట రాకూడదురా, కింద ఇడ్లీ అణిగిపోద్ది, ఆవిరి అందదు" అన్నాను. కంప్యూటరు ఒప్పుకుంది. ఓ యంత్రం నా వంటను ఒప్పుకోవడం అదే మొదలు. మా మిక్సీ ఇంతవరకు ఒప్పుకోలేదు.

వంట చేస్తున్నంతసేపూ రేడియోలో పాటలొస్తాయి. ఏ కాలపు కథకి ఆ కాలపు తమిళ సినిమా పోకడలో కొత్తగా కట్టిన పాటలు. కొడుకు పెరుగుతాడు. బళ్లో తోటిపిల్లల మధ్య ఇంటి తిండికి సిగ్గుపడతాడు, తల్లి తమిళంలో పిలిస్తే ఇంగ్లీషులో పలుకుతాడు. మన వెంకటేశ్వర్లు వెంకీ అయినట్టే. ఎంతో కాలానికి వాడే ఆ చిరిగిన పుస్తకం ముందేసుకుని ఒంటరిగా పొయ్యి వెలిగిస్తాడు. కూడబలుక్కుని చదువుతాడు. అంతదాకా చెరిగిపోయిన అక్షరాల్ని ఊహించుకుంటూ వచ్చిన మనకి, ఇప్పుడు అక్షరాలున్నా చదవలేనివాడి చెయ్యి అందుతుంది. మొదటి లోటు పుస్తకానిది. రెండోది మనిషిది. అందులో రెండోదే ఎక్కువ బాధపెట్టింది.

దీనికీ ఒక లోటు చెప్పాలంటే, ముప్ఫయ్యేళ్ల కథను గంటన్నరలో దాటించారు. వెన్బాతో ఇంకో నాలుగు వంటలు వండాలనిపించింది. కానీ వంటింట్లోంచి "ఇంకొంచెం వుంటే బాగుణ్ణు" అని లేవడమే మర్యాద.

ఆట అయిపోయాక మా మేనల్లుడు కాసేపు ఊరుకుని, "అత్తా, నాయనమ్మ ఆవకాయలో ఉప్పు ఎంత వేసేది?" అని అడిగాడు.

ఇదీ నేను చివర చెబుతానన్న సంగతి. వాడు చాలాకాలంగా అలాంటి ఓ ఆట తనే చేయాలనుకుంటున్నాడట. నాయనమ్మ ఆవకాయ పెట్టడం, అంతే. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, ముక్కలు కొట్టి, జీడి తీసి, లోపలి పొర గీకి, ఆవపిండీ కారమూ ఉప్పూ కలిపి, నూనెలో ముంచి జాడీకెత్తి, మూడోనాడు తిరగకలపడం. ఆడడానికి గంట పడుతుందట. నాచేత ఈ ఆటలన్నీ ఆడించింది కూడా, ఆటలు అలవాటులేని చెయ్యి ఎక్కడ తడబడుతుందో చూడడానికట! నిద్రపోతున్నాడనుకున్న ఆదివారాలన్నీ ఓ కన్ను తెరిచే వున్నాడన్నమాట.

అంతా బాగానే వుంది, ఉప్పు దగ్గర బండి ఆగింది. కారం సోలతో కొలిచేది, ఆవపిండి సోలతో కొలిచేది. ఉప్పు మాత్రం రాళ్లుప్పు ఎండబెట్టి, దంచి, గుప్పిటతో వేసేది. ఎన్ని గుప్పిళ్లో నాకు తెలుసు. మా మరదలికీ తెలుసు. కానీ ఎంత గుప్పెడు? ఎన్నిసార్లు అడిగినా అమ్మ చెప్పేది ఒకటే. "చేతికి తెలుస్తుందే." ఆ చేతికి తెలిసింది. ఈ వేసవిలో అమ్మ లేకుండా పెట్టిన మొదటి ఆవకాయ మా మరదలు ఉప్పెక్కువంటుంది, నేను తక్కువంటాను, జాడీ సగం అయింది కానీ తగవు తేలలేదు.

కంప్యూటరుకి "చేతికి తెలుస్తుంది" అంటే చాలదు, అంకె కావాలి. మొన్న ఆదివారం మా తమ్ముడింట్లో వంటింటి తక్కెడ ముందు పెట్టుకుని కొలిచాం. నా గుప్పెడు 62 గ్రాములు తూగింది. మరదలిది 48. అమ్మ చెయ్యి నాకంటే చిన్నదని నేనన్నాను. వేళ్లు పొడుగని మరదలంది. తమ్ముడు కాసేపు ఆలోచించి, ఏమీ అనకుండా వాడి చెయ్యి కూడా తక్కెడలో పెట్టబోయాడు. పొలం పనికి కాసిన చెయ్యది, ఉప్పుడబ్బా ఖాళీ అవుతుందని మేమిద్దరం ఒక్కసారే అడ్డుపడ్డాం.

మా మేనల్లుడు రెండంకెలూ కాగితం మీద రాసుకున్నాడు. రెండూ వుంచుతాడట. గుప్పెడు ఎంతో ఆడేవాళ్లే చూసుకుని వేసుకోవాలట. జాడీ మూత పెట్టాక మూడోనాడు తీస్తేగాని రుచి తెలియదు కాబట్టి, ఆటలోనూ అప్పటిదాకా చెప్పడట.

"మరి సరిగ్గా పడిందో లేదో చెప్పేదెవరురా?" అన్నాను.

"నాయనమ్మ రుచి చూస్తుంది కదత్తా" అన్నాడు వాడు, కాగితంలోంచి తలెత్తకుండానే.

ఆట ఇంకా కాగితం మీదే వుంది. పరీక్షలయ్యాక మొదలుపెడతానంటున్నాడు. ఈలోగా మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, వాళ్ల గుప్పెడు ఎంతో ఈ ఆదివారం ఓసారి తూచి రాసిపెట్టుకోండి. రెండు నిమిషాల పని, తక్కెడ వుంటే చాలు.